వద్దనుకున్నవాళ్లే కట్టిన రైలు దారి

ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, యార్క్‌షైర్‌లోని సెటిల్ అనే చిన్న పట్నం దగ్గర మొదలయ్యే ఒక రైలు మార్గం పెన్నైన్ కొండలెక్కి, ఈడెన్ నది లోయ వెంట దిగి, స్కాట్లండ్ సరిహద్దుకు చేరువలో ఉన్న కార్లైల్ నగరాన్ని చేరుతుంది. పొడవు సుమారు 116 కిలోమీటర్లు. ఇంత తక్కువ దూరంలోనే 14 సొరంగాలు, ఇరవైకి పైగా కమానుల వంతెనలు ఉన్నాయి. 1869, 1876 మధ్య మిడ్‌లాండ్ రైల్వే కంపెనీ దీన్ని కట్టింది. ఈ లైను చరిత్రలో ఒక విచిత్రం ఉంది. 1869లో కట్టడం మొదలుపెట్టక ముందే దీన్ని వదిలేస్తామని సొంతదారు పార్లమెంటును అడిగాడు. తర్వాత 120 ఏళ్లకు, 1989 నాటికి, అప్పటి సొంతదారు దీన్ని మూసేస్తామని అడుగుతున్నాడు. రెండుసార్లూ కుదరదనే జవాబు వచ్చింది.

పందొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో రైలు మార్గాలు వేసింది ప్రభుత్వం కాదు, ప్రైవేటు కంపెనీలు. అయితే ప్రతి లైనుకూ పార్లమెంటు విడిగా ఒక చట్టం చెయ్యాలి. ఆ చట్టం ఉంటేనే భూమి సేకరించే అధికారం వస్తుంది. ఒకసారి చట్టమయ్యాక ఆ లైను వద్దనుకున్నా మళ్లీ పార్లమెంటు తలుపే తట్టాలి. మూడు చిన్న కంపెనీల విలీనంతో 1844లో పుట్టిన మిడ్‌లాండ్ రైల్వేకు డెర్బీ కేంద్రం. బొగ్గు రవాణా దాని ప్రధాన ఆదాయం. దక్షిణాన లండన్ వరకూ, ఉత్తరాన లీడ్స్ దాటి అది విస్తరించింది గానీ స్కాట్లండ్‌కు సొంత దారి మాత్రం లేదు. స్కాట్లండ్ వెళ్లే రెండు పెద్ద దారుల్లో తూర్పు తీరానిది ఇతర కంపెనీల చేతిలో ఉండేది. పడమటి దారి, అంటే షాప్ కొండ మీదుగా కార్లైల్ వెళ్లేది, లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే చేతిలో ఉండేది. ఆ రోజుల్లో దేశంలోకెల్లా బలమైన కంపెనీల్లో ఇది ఒకటి. మిడ్‌లాండ్‌కు ప్రధాన ప్రత్యర్థి కూడా ఇదే.

మిడ్‌లాండ్ ఉత్తరానికి చేరగలిగిన ఆఖరి చోటు ఇంగిల్టన్ అనే ఊరు. స్కిప్టన్ నుంచి అక్కడికి 1849లోనే లైను పడింది. 1861లో ఇంగిల్టన్ నుంచి పడమటి దారిని కలిపే శాఖ కూడా తెరుచుకుంది కానీ దాన్ని నడిపేది ప్రత్యర్థి కంపెనీ. ఊరి మధ్య లోయ మీద పదకొండు కమానుల వంతెన ఉంది. దాని ఒక కొస మిడ్‌లాండ్ స్టేషన్, రెండో కొస నార్త్ వెస్టర్న్ స్టేషన్. మొదట్లో మిడ్‌లాండ్ రైలు ఇవతలే ఆగిపోయేది. స్కాట్లండ్ వెళ్లే ప్రయాణికులు సామాను మోసుకుని లోయలోకి దిగి, మళ్లీ ఎక్కి అవతలి స్టేషన్‌కు నడిచేవారు. చేరేసరికి అక్కడి రైలు వెళ్లిపోయి ఉండేది. తర్వాత ఒకే పెట్టెలో కూర్చుని వెళ్లే ఏర్పాటు జరిగినా, ఆ పెట్టెను నార్త్ వెస్టర్న్ వాళ్లు తమ ఎక్స్‌ప్రెస్‌లకు తగిలించకుండా అన్నిట్లోకీ నెమ్మదైన బండికి తగిలించేవారు. బొగ్గు వ్యాగన్ల వెనక కట్టిన పెట్టెలో కార్లైల్ దాకా ప్రయాణం చేశానని మిడ్‌లాండ్ జనరల్ మేనేజర్ జేమ్స్ ఆల్‌పోర్ట్ స్వయంగా సాక్ష్యమిచ్చాడు. బండ్లు కలవకుండా టైంటేబుల్ వెయ్యడం నాటి కంపెనీల పోరులో మామూలు ఎత్తే. ఇంగిల్టన్‌లో దాన్ని మరీ సిగ్గు విడిచి వాడారు.

విసిగిపోయిన మిడ్‌లాండ్ ఎవరి దయా అక్కర్లేకుండా సెటిల్ నుంచి నేరుగా కార్లైల్‌కు సొంత లైను వేస్తానంది. 1866లో పార్లమెంటు దానికి చట్టం చేసింది. అంచనా వ్యయం 22 లక్షల పౌండ్లు. కానీ అదే ఏడాది మే నెలలో ఓవరెండ్ గర్నీ అనే పెద్ద ఆర్థిక సంస్థ లండన్‌లో కుప్పకూలింది. అప్పు పుట్టడం కష్టమైంది, రైల్వే వాటాల విలువ పడిపోయింది. మిడ్‌లాండ్ అప్పటికే లండన్‌లో సెయింట్ పాంక్రస్ స్టేషన్ మీద భారీగా ఖర్చు పెడుతోంది. వాటాదారులు గొడవకు దిగారు. మరోవైపు, పోటీ లైను నిజంగానే వచ్చేస్తుందని భయపడ్డ నార్త్ వెస్టర్న్ దిగివచ్చి, తమ దారిని సరసమైన షరతులకు వాడుకోనిస్తామంది. మిడ్‌లాండ్ కోరుకున్నదీ అదే. కొండల మీద లైను అన్నది ఆ షరతులు రాబట్టడానికి చూపిన బెదిరింపేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. నిజం ఎలా ఉన్నా, ఒప్పందం కుదిరాక ఆ లైను అవసరం తీరిపోయింది. దాన్ని విరమించుకోవడానికి అనుమతి కోరుతూ మిడ్‌లాండ్ బిల్లు పెట్టింది.

1869లో పార్లమెంటు ఆ బిల్లును తోసిపుచ్చింది. లంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే, స్కాట్లండ్‌కు చెందిన నార్త్ బ్రిటిష్ రైల్వే విరమణను గట్టిగా వ్యతిరేకించాయి. ఉత్తరాదికి మరో దారి పడితే తమకు వ్యాపారం పెరుగుతుందని అవి ఆశ పెట్టుకున్నాయి. నార్త్ వెస్టర్న్ గుత్తాధిపత్యం వాటికీ ఇబ్బందిగానే ఉండేది. అలా పక్కవాళ్ల లెక్కలకు తలొగ్గి మిడ్‌లాండ్ ఇంగ్లండ్‌లోని అతి కష్టమైన రైలు మార్గాన్ని కట్టక తప్పలేదు.

కష్టానికి మూలం వాలు లెక్కలో ఉంది. షాప్ మీదుగా పోయే ప్రత్యర్థి లైనులో కొంత దూరం 75 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కాలి. మిడ్‌లాండ్ ఇంజనీర్లు తమ లైనులో ఎక్కడా నూటికి ఒకటిని మించకూడదని పట్టుబట్టారు. ఎక్స్‌ప్రెస్ బండ్లు వేగంగా నడవాలంటే మలుపులు కూడా సుతారంగా ఉండాలి. కొండ ప్రాంతంలో ఈ రెండూ సాధించాలంటే లైను నేల ఎత్తుపల్లాల ప్రకారం పోవడం కుదరదు. అడ్డొచ్చిన కొండను తొలిచి, లోయను దాటడానికి వంతెన కట్టి, మిగతా చోట్ల కట్టలు పోయడమో నేలను కోయడమో చెయ్యాలి. దారి ఎంచుకోవడంలో చీఫ్ ఇంజనీర్ జాన్ క్రాస్లీకి కుడిభుజంగా నిలిచినవాడు టాస్మేనియా నుంచి వచ్చిన యువ సర్వేయరు చార్లెస్ షార్లండ్. పది రోజుల్లో అతను దారి మొత్తం నడిచి చూశాడని, ఒక చలికాలం గేర్‌స్టోన్స్ అనే చోట సత్రంలో మంచుకు చిక్కి మూడు వారాలు బయటికి రాలేకపోయాడని చెబుతారు. క్షయ సోకడంతో మధ్యలోనే పని వదిలి చిన్న వయసులోనే చనిపోయాడు.

షార్లండ్ పట్టిన దారి రిబుల్ నది లోయ వెంట ఎక్కి, బ్లీ మూర్ కొండ కింద దూరి, డెంట్‌డేల్ లోయ పక్కనున్న కొండ వాలు మీదుగా గార్స్‌డేల్ చేరుతుంది. ఏస్ గిల్ దగ్గర 1,169 అడుగుల ఎత్తున శిఖరాన్ని అందుకుంటుంది. అక్కడి నుంచి కార్లైల్ దాకా ఈడెన్ నదిని అంటిపెట్టుకుని దిగడమే. సెటిల్ నుంచి బ్లీ మూర్ దాకా ఉన్న 24 కిలోమీటర్ల ఎక్కుడు దాదాపు ఎక్కడా తెరిపి ఇవ్వదు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఆ దూరమంతా ఫైర్‌మన్ పార దించకుండా బొగ్గు వేస్తూనే ఉండాలి. రైల్వే సిబ్బంది దానికి ‘లాంగ్ డ్రాగ్’ అని పేరు పెట్టారు, సుదీర్ఘమైన ఈడ్పు అన్నమాట.

1869 చివర పని మొదలైంది. ఐదు భాగాలుగా కాంట్రాక్టులిచ్చారు. వాటిలో అన్నిటికంటే గడ్డు పని సెటిల్ నుంచి డెంట్ హెడ్ దాకా ఉన్న మొదటిది. దాన్ని తీసుకున్న కాంట్రాక్టరు మధ్యలోనే చేతులెత్తేశాడు. మిగతా పని కంపెనీయే నేరుగా చేయించుకుంది. లైను మొత్తం మీద ఒక దశలో ఆరువేల మందికి పైగా నావీలు, అంటే మట్టిపని, రాతిపని చేసే కూలీలు, పనిలో ఉన్నారు. ఇంత పెద్ద లైను ఎక్కువగా మనుషుల చేతులతోనే కట్టడం ఇంగ్లండ్‌లో దాదాపు ఇదే ఆఖరు. తర్వాతి తరంలో ఆవిరి యంత్రాలు మట్టి తవ్వే పనిని అందుకున్నాయి. ఇక్కడ మాత్రం గునపం, పార, తోపుడుబండి, గుర్రం, మందుగుండు, ఎక్కువగా వీటితోనే పని సాగింది.

నేల సహకరించలేదు. హిమనదాలు వదిలిపోయిన రాళ్ల బంకమట్టి ఎండినప్పుడు గునపాన్ని విరగ్గొట్టేది, నాలుగు చినుకులు పడితే పారకు అంటుకుని వదిలేది కాదు. మిట్టల మీద వేల ఏళ్లుగా నాచు కుళ్లి పేరుకున్న పీట్ నేలలో బండ్లు కూరుకుపోయేవి. అందుకే చక్రాలకు బదులు పెద్ద పీపాల్లాంటి దొర్లుడు బండ్లు చేయించి సరుకు మోయించారు. గార్స్‌డేల్ దగ్గర డాండ్రీ మైర్ అనే ఊబి నేల మీద కట్ట పోద్దామని రెండేళ్లపాటు మట్టి గుమ్మరించారు. రెండున్నర లక్షల ఘనపు గజాలకు పైగా మట్టి అందులో మునిగిపోయిందే తప్ప కట్ట పైకి లేవలేదు. చివరికి ఓటమి ఒప్పుకుని అక్కడ పన్నెండు కమానుల వంతెన కట్టారు.

లైనులో అందరికీ తెలిసిన కట్టడం రిబుల్‌హెడ్ వంతెన. బ్యాటీ మాస్ అనే బురద మైదానం మీద 24 కమానులతో, 400 మీటర్ల పొడవున, 32 మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. 1870 అక్టోబరులో తొలి రాయి వేశారు, 1874 నాటికి పూర్తయింది. పునాదులు పీట్, బంకమట్టి పొరలు దాటి సుమారు 25 అడుగుల లోతున రాతి మీద కూర్చున్నాయి. ఊబిలో ఉన్ని మూటలు వేసి వాటి మీద కట్టారన్న కథ ఇప్పటికీ వినిపిస్తుంది కానీ అది కథే. స్తంభాలకు స్థానిక సున్నపురాయి, కమానుల లోపలి వరుసలకు ఇటుక వాడారు. పక్కనే బట్టీ పెట్టి కాల్చిన ఇటుకలు పదిహేను లక్షల దాకా పట్టాయి. స్తంభాల అమరికలో ఒక ముందుచూపు ఉంది. ప్రతి ఆరో స్తంభాన్ని మిగతా వాటికంటే బాగా లావుగా కట్టారు. ఒకవేళ ఒక స్తంభం కూలితే దాని పక్కది, ఆపైన దాని పక్కది పడిపోతూ వచ్చినా లావుపాటి స్తంభం దగ్గర ఆ కూలడం ఆగాలి. ఎంత నష్టం జరిగినా రెండు లావుపాటి స్తంభాల మధ్య కమానులతో సరిపోతుంది. ఒక్కో కమాను పక్క కమాను తోపుడును ఆనుకుని నిలబడే కట్టడంలో ఈ జాగ్రత్త అవసరమే. దాన్ని పరీక్షించే అవసరం మాత్రం ఇంతవరకు రాలేదు.

వంతెన దాటి కాస్త ముందుకు వెళితే బ్లీ మూర్ సొరంగం. పొడవు 2,629 గజాలు, అంటే సుమారు 2.4 కిలోమీటర్లు. కొన్నిచోట్ల నెత్తి మీద 500 అడుగుల కొండ ఉంటుంది. రెండు చివరల నుంచి మాత్రమే తవ్వితే పని ఏళ్ల తరబడి సాగుతుంది. అందుకని కొండ పైనుంచి ఏడు బావులు దించి, ఒక్కో బావి అడుగు నుంచి రెండు వైపులకీ తొలుచుకుంటూ పోయారు. రాళ్లూ మట్టీ పైకి లాగడానికి ఆవిరి యంత్రాలు కావాలి. దారే లేని ఆ కొండ మీదికి వాటిని ఈడ్చుకెళ్లడమే ఒక పెద్ద పని అయింది. కొవ్వొత్తి వెలుగులో చేత్తో రంధ్రాలు తొలిచి డైనమైట్ కూరేవారు. డైనమైట్ అప్పటికి కొత్త సరుకు. నోబెల్ పేటెంటు తీసుకుని అయిదారేళ్లు కూడా కాలేదు, ధర చాలా ఎక్కువ. రేయింబవళ్లు పనిచేసినా సొరంగం పూర్తవడానికి నాలుగేళ్లు దాటింది. గాలి కోసం ఆ బావుల్లో మూడింటిని అలాగే ఉంచేశారు. కొండ మీద వాటి ఇటుక మూతులు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఊళ్లకు దూరంగా ఉన్న ఈ మిట్ట మీదికి వచ్చిన కూలీలు కుటుంబాలతో సహా చెక్క గుడిసెల్లో కాపురం పెట్టారు. క్రిమియా యుద్ధం జ్ఞాపకంగా సెబస్టోపోల్, ఇంకర్‌మన్ అని, బైబిల్ నుంచి జెరికో, జెరూసలేం అని గుడిసెల పేటలకు పేర్లు పెట్టుకున్నారు. ఒకదానికి లండన్‌లో సంపన్నులుండే వీధుల పేరు బెల్‌గ్రేవియా పెట్టడంలో కొంటెతనమే ఎక్కువ. అన్నిట్లోకీ పెద్దదైన బ్యాటీ గ్రీన్‌లో సుమారు రెండు వేల మంది ఉండేవారు. అక్కడ దుకాణాలు, బడి, ప్రార్థనా మందిరం, తపాలా కార్యాలయం, ఆస్పత్రి ఉన్నాయి. సారాకూ కొదవ లేదు. జీతం బాగానే ఉండేది, ఆ జీతం పుట్టించే తగాదాలు కూడా. కోతల కాలం రాగానే కొందరు పొలం పనికి వెళ్లిపోయేవారు. తడి, చలి భరించలేక మరికొందరు వారానికే మూట సర్దేవారు. మనుషుల్ని నిలబెట్టుకోలేక కంపెనీ జీతాలు పెంచుతూ పోయింది.

1871లో పేటల్లో మశూచి చెలరేగింది. పేలుళ్లు, రాళ్లు పడడం, మట్టి విరిగిపడడం వంటి ప్రమాదాలు సరేసరి. దగ్గర్లోని చాపెల్-లె-డేల్ అనే చిన్న పల్లె చర్చిలో ఆ కొద్ది ఏళ్లలో రెండు వందల మందికి పైగా కూలీలను, వాళ్ల భార్యలను, పిల్లలను ఖననం చేశారు. చోటు చాలక శ్మశానాన్ని పెంచాల్సి వచ్చింది, దాని ఖర్చు మిడ్‌లాండ్ పెట్టుకుంది. ఎక్కువ సమాధులకు పేరు రాసిన రాయి లేదు. తోటి కూలీలు, కంపెనీ కలిసి చందా వేసుకుని చర్చి గోడకు ఒక పాలరాతి ఫలకం పెట్టారు. పని పూర్తయ్యాక గుడిసెల్ని పీకేశారు. గడ్డి కింద వాటి ఆనవాళ్లు మిగిలాయి. పురావస్తు శాస్త్రజ్ఞులు తర్వాతి కాలంలో వాటిని తవ్వి పరిశీలించారు.

1875 ఆగస్టులో గూడ్సు బండ్లకు, 1876 మే 1న ప్రయాణికుల బండ్లకు లైను తెరిచారు. ఖర్చు 35 లక్షల పౌండ్లకు చేరింది, అంచనాకు ఒకటిన్నర రెట్లు దాటిందన్నమాట. లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి గ్లాస్గోకు, ఎడిన్‌బరోకు మిడ్‌లాండ్ సొంత దారిలో బండ్లు నడిచాయి. కార్లైల్ ఆవల స్కాటిష్ కంపెనీలు అందుకునేవి. దూరంలోనూ ఎత్తులోనూ ఈ దారి ప్రత్యర్థి దారుల కంటే వెనకబడిందే. వేగంలో గెలవలేనని తెలిసిన మిడ్‌లాండ్ సౌకర్యంతో గెలవాలని చూసింది. 1872లోనే తన బండ్లన్నిట్లోకీ మూడో తరగతి ప్రయాణికులను అనుమతించింది. 1874లో అమెరికా నుంచి విలాసవంతమైన పుల్‌మన్ పెట్టెలు తెప్పించింది. 1875 నుంచి రెండో తరగతిని పూర్తిగా తీసేసి, మూడో తరగతి వాళ్లకు మెత్తటి సీట్లు వేసింది. పేదవాడి ప్రయాణాన్ని మెరుగుపరచిన ఈ మార్పును తక్కిన కంపెనీలు మొదట తిట్టిపోశాయి, తర్వాత మెల్లగా అనుసరించాయి. బ్రిటిష్ రైల్వేల మీద మిడ్‌లాండ్ వేసిన అసలైన ముద్ర ఇదేననుకోవచ్చు.

దారి పొడవునా ఉన్న స్టేషన్లను కంపెనీ వాస్తుశిల్పి జాన్ హాలోవే శాండర్స్ ఒకే బాణీలో గీశాడు. మొనదేలిన పైకప్పులు, కప్పు అంచున చెక్కిన చెక్కపట్టీలు ఆ బాణీ లక్షణాలు. చూడడానికి ముచ్చటగా ఉన్నా చాలా స్టేషన్లు పేరుకు మాత్రమే ఆ ఊరివి. 1,150 అడుగుల ఎత్తున ఉన్న డెంట్ స్టేషన్ ఇంగ్లండ్ ప్రధాన లైన్లలో అన్నిటికంటే ఎత్తైనది. డెంట్ గ్రామం మాత్రం అక్కడికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో, కింద లోయలో ఉంది. ఎక్స్‌ప్రెస్ బండ్ల వాలు కోసం పడ్డ లైను కొండ మీద పోయింది, మనుషులు లోయల్లో ఉండిపోయారు. స్థానిక ప్రయాణికుల కోసం కట్టిన లైను కాదిది. సిబ్బంది మాత్రం ఆ ఎత్తుల్లోనే కాపురముండాలి. ఊరే లేని గార్స్‌డేల్‌లో వాళ్ల కోసం పదహారు ఇళ్లు కట్టారు. వెయిటింగ్ రూములో ప్రార్థనలు, నీళ్ల ట్యాంకు కింది గదిలో ఆటపాటలు జరిగేవి. అక్కడ ఇంజన్‌ను తిప్పే టర్న్‌టేబుల్ మీద ఒకసారి గాలి పట్టిన ఇంజన్ ఆగకుండా తిరుగుతూనే ఉండిపోయిందట. అది ఎంతవరకు నిజమో గానీ, తర్వాత దాని చుట్టూ పాత స్లీపర్లతో ఎత్తైన దడి కట్టిన మాట వాస్తవం.

గార్స్‌డేల్‌కు అప్పట్లో హాస్ జంక్షన్ అని పేరు. 1910 డిసెంబరు 24 తెల్లవారుజామున వర్షంలో అక్కడో ఘోరం జరిగింది. ఎక్కుడు మీద బండ్లకు తోడుగా వచ్చిన అదనపు ఇంజన్లు ఇక్కడి నుంచి వెనక్కి పోతుంటాయి. ఆ రాత్రి కార్లైల్ వైపు వెళ్లాల్సిన రెండు వట్టి ఇంజన్లు ప్రధాన లైను మీద నిలబడి ఉన్న సంగతి పని ఒత్తిడిలో సిగ్నల్‌మన్ మరిచిపోయాడు. లండన్ నుంచి గ్లాస్గో వెళ్లే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చాడు. సిగ్నల్ పడగానే తమకే అనుకుని ఇంజన్లు కదిలాయి. వెనకే వచ్చిన ఎక్స్‌ప్రెస్ వాటిని ఢీకొంది. పెట్టెల్లో దీపాలకు వాడే గ్యాస్ అంటుకుని మంటలు లేచాయి, పన్నెండు మంది చనిపోయారు. మూడేళ్లు తిరగకుండానే, 1913 సెప్టెంబరు 2న, ఏస్ గిల్ శిఖరానికి చేరువలో మరో ప్రమాదం జరిగింది. నాసి బొగ్గుతో ఆవిరి అందక ఆగిపోయిన బండిని వెనక బండి గుద్దడంతో పదహారు మంది ప్రాణాలు పోయాయి. అక్కడా గ్యాసే మంటలు రేపింది. పట్టాల మీద బండి ఉన్నంతసేపు సిగ్నల్ వదలకుండా బిగించి ఉంచే ట్రాక్ సర్క్యూట్లు ఉంటే మొదటి ప్రమాదం తప్పేదే. ఆ ఏర్పాటు విస్తరించడానికి, గ్యాస్ దీపాల స్థానంలో విద్యుత్ రావడానికి ఈ రెండు దుర్ఘటనలు బలమైన కారణాలయ్యాయి.

1923లో బ్రిటన్ రైల్వే కంపెనీలను నాలుగు సంస్థలుగా కలిపినప్పుడు మిడ్‌లాండ్, నార్త్ వెస్టర్న్ రెండూ ఒకే గూటికి చేరాయి. దాంతో పోటీ కోసం కట్టిన లైనుకు పోటీయే లేకుండా పోయింది. ఒకే సంస్థకు కార్లైల్ వెళ్లే దారులు రెండు ఉన్నాయి. వాటిలో కష్టమైన దారిని ఎందుకు పోషించాలన్న ప్రశ్న నిజానికి అప్పుడే పుట్టింది. 1948లో జాతీయీకరణ జరిగాక, మోటారు కార్లు, లారీలు రైల్వే ఆదాయానికి గండికొట్టాక ఆ ప్రశ్నకు పదును పెరిగింది. 1963లో బ్రిటిష్ రైల్వే అధ్యక్షుడు రిచర్డ్ బీచింగ్ ఇచ్చిన నివేదిక ఈ లైనులో ప్రయాణికుల బండ్లను ఆపేయాలంది. వెంటనే కాకపోయినా 1970లో సెటిల్, యాపిల్‌బీ తప్ప దారిలోని స్టేషన్లన్నీ మూతపడ్డాయి. అంతకుముందు, 1968 ఆగస్టు 11న, బ్రిటిష్ రైల్వే ప్రధాన లైన్ల మీద తన ఆవిరి ఇంజన్లకు వీడ్కోలు పలుకుతూ నడిపిన ఆఖరి బండిని ఈ దారినే కార్లైల్‌కు పంపింది. వీడ్కోలుకు ఈ లైనునే ఎంచుకోవడంలో దీని అందం సంస్థకూ తెలుసునన్నది స్పష్టం. ఆ అందాన్ని ఆదాయంగా లెక్కగట్టాలని మాత్రం అప్పటికి తోచలేదు.

1980ల తొలి ఏళ్లలో ముగింపు దగ్గరపడినట్టే కనిపించింది. రిబుల్‌హెడ్ వంతెన పైభాగంలో నీరు ఇంకకుండా వేసిన పొర దెబ్బతింది. వంద శీతాకాలాల నీరు, మంచు లోపలికి దిగి రాతిని పిగిల్చాయి. బాగుచెయ్యాలంటే అరవై లక్షల పౌండ్ల దాకా కావాలని లెక్క తేల్చారు, ఆ అంకె ఏటికేడు పెరిగింది. 1982లో దూరపు ఎక్స్‌ప్రెస్‌లను వేరే దారికి మళ్లించారు. లీడ్స్, కార్లైల్ మధ్య రోజుకు రెండేసి బండ్లు మిగిలాయి. బండ్లు తగ్గించి, ఆ తర్వాత ప్రయాణికులు లేరని చూపించి లైను మూసే పద్ధతి బ్రిటన్‌లో అప్పటికే పాతబడింది. 1983 చివర మూసివేత నోటీసు వెలువడింది.

ఈసారి లైను వెంట ఉన్న జనం ఊరుకోలేదు. 1981లోనే ‘ఫ్రెండ్స్ ఆఫ్ ద సెటిల్–కార్లైల్ లైన్’ అనే సంఘం పుట్టింది. అంతకుముందే, 1970ల మధ్య నుంచి, యార్క్‌షైర్ డేల్స్ జాతీయ ఉద్యానవన సంస్థ సెలవు రోజుల్లో కొండ నడకలకు వచ్చేవాళ్ల కోసం మూతపడ్డ స్టేషన్లలో ‘డేల్స్‌రైల్’ పేరుతో ప్రత్యేక బండ్లు ఆపిస్తూ, ప్రయాణికులు ఉన్నారని రుజువు చేస్తూ వచ్చింది. మూసివేతను నడిపించడానికి బ్రిటిష్ రైల్వే నియమించిన రాన్ కాటన్ అనే అధికారి అనుకోని పని చేశాడు. మూతపడే వరకు లైనును బాగా నడపడం తన బాధ్యతే అనుకుని చౌక టికెట్లు పెట్టాడు, బండ్లు పెంచాడు. 1986లో ఎనిమిది స్టేషన్లు మళ్లీ తెరిపించాడు. మూసేస్తారన్న వార్తే కావలసినంత ప్రచారం తెచ్చిపెట్టింది. పోయేలోపు ఒక్కసారి చూద్దామని జనం ఎగబడ్డారు. 1983లో 93,000గా ఉన్న ప్రయాణాల సంఖ్య 1989 నాటికి నాలుగున్నర లక్షలకు చేరింది.

చట్ట ప్రకారం మూసివేతకు అభ్యంతరం చెప్పే హక్కు ప్రయాణికులకు ఉంటుంది. వచ్చిన అభ్యంతరాలు 22,265. అందులో ఒకటి రస్‌వార్ప్ అనే కుక్కది. సంఘం తొలి కార్యదర్శి గ్రహమ్ నటాల్ పెంచుకున్న ఆ కుక్కకు కూడా టికెట్ కొనేవారు కాబట్టి ప్రయాణికుల్లో లెక్కేనని వాదించారు. సంతకం స్థానంలో దాని పాదముద్ర వేయించారు. పత్రికలకు అది మంచి మేతయింది. 1986లో లైను వెంట ఉన్న పట్నాల్లో వారాల తరబడి బహిరంగ విచారణలు సాగాయి. విచారించిన ప్రయాణికుల సంఘాలు మూయవద్దని సిఫారసు చేశాయి. ప్రభుత్వం వెంటనే మనసు మార్చుకోలేదు. ఎవరైనా ప్రైవేటు వ్యక్తులు కొనుక్కుంటే సరే, లేకుంటే మూసివేతకే మొగ్గు చూపుతున్నామని 1988లో ప్రకటించింది.

నిర్ణయాన్ని మార్చింది వంతెన లెక్కే. ప్రయోగంగా ఒక్క కమానును బాగుచేసి చూస్తే, మొత్తం మరమ్మతుకు అయ్యే ఖర్చు భయపెట్టిన అంకెలో సగం కూడా ఉండదని తేలింది. వారసత్వ కట్టడాల సంస్థ, స్థానిక మండళ్లు కొంత భరిస్తామన్నాయి. ప్రయాణికులా, ఐదింతలయ్యారు. మూసివేతకు ఆధారంగా చూపిన రెండు వాదనలూ పడిపోయాయి. 1989 ఏప్రిల్ 11న రవాణా మంత్రి పాల్ చానన్, ఆయన కింద సహాయమంత్రిగా ఉన్న మైకేల్ పోర్టిలో అనుమతి నిరాకరించినట్టు ప్రకటించారు. తర్వాతి కాలంలో రైలు ప్రయాణాల టీవీ కార్యక్రమాలతో పేరు పొందిన పోర్టిలో, తన రాజకీయ జీవితంలో చేసిన గొప్ప పనుల్లో ఇదొకటని చెప్పుకుంటూ వచ్చాడు. వంతెన మరమ్మతులు 1990ల ఆరంభంలో పూర్తయ్యాయి. బరువు తగ్గించడానికి 1985లో దాని మీద జంట పట్టాలు తీసేసి ఒక్కటే ఉంచారు. నేటికీ అలాగే ఉంది.

లైనుకు తర్వాత దొరికిన జీవనాధారం పర్యాటకం ఒక్కటే కాదు. పడమటి ప్రధాన దారి ఎక్స్‌ప్రెస్‌లతో నిండిపోవడంతో గూడ్సు బండ్లకు చోటు కావలసివచ్చింది. స్కాట్లండ్‌లోని హంటర్‌స్టన్ రేవులో దిగిన విదేశీ బొగ్గు యార్క్‌షైర్ విద్యుత్ కేంద్రాలకు చాలా ఏళ్లపాటు ఈ కొండల మీదుగానే చేరింది. కొన్నేళ్ల ముందు పనికిరాదన్న లైను మీద పట్టాలు అరిగిపోయి కొత్తవి వేయాల్సివచ్చింది. బొగ్గు విద్యుత్తు తగ్గిపోయాక 2010ల మధ్యలో ఆ బండ్లు ఆగిపోయాయి. జిప్సం, కలప, క్వారీ రాయి మోసే బండ్లు మాత్రం ఆ తర్వాత కూడా నడిచాయి.

2016 ఫిబ్రవరిలో ఆర్మత్‌వెయిట్ అనే ఊరికి ఉత్తరాన ఈడెన్ బ్రౌస్ దగ్గర, భారీ వానలకు నానిన నది గట్టు కొండచరియతో సహా జారి, లైను కింది నేల కదిలిపోయింది. ఈ లైను చరిత్రలో ఇంత ఖరీదైన మరమ్మతు మరొకటి లేదు. కింద ఉన్న రాతి పొర దాకా ఉక్కు గొట్టాలు రెండు వరుసల్లో దించి, వాటిలో కాంక్రీటు నింపి, పైన కాంక్రీటు దిమ్మె వేసి దాని మీద పట్టాలు పరిచారు. 2.3 కోట్ల పౌండ్లు ఖర్చయింది. అంటే 1980లలో రిబుల్‌హెడ్ మీద భయపెట్టిన అంకెకు ధరల తేడా లెక్కించకుండా చూస్తే నాలుగింతలకు దగ్గర. అయినా ఈసారి మూసివేత మాట ఎవరూ ఎత్తలేదు. పని సాగుతుండగానే 2017 ఫిబ్రవరిలో యాపిల్‌బీ, స్కిప్టన్ మధ్య మూడు రోజులపాటు ‘టొర్నేడో’ అనే ఆవిరి ఇంజన్‌తో మామూలు టైంటేబుల్ బండ్లు నడిపారు. మార్చి 31న కార్లైల్ దాకా లైను తిరిగి తెరుచుకుంది.